మామ బండి కింది హరివాణం

పోయిన నెల మా మామ పోయాడు. మామ అంటే మా ఆయన తండ్రి. కబురు తెలిసేటప్పటికి నేను బళ్లారి మార్కెట్లో బజ్జీ మిరపకాయలు ఏరుతున్నాను. ఆస్పత్రిలో ఆయన గుండె నిమ్మళించింది, రేపు ఇంటికి పంపిస్తామని డాక్టర్లు చెప్పారు కదా. వచ్చీ రాగానే బజ్జీ అడుగుతాడు, ఎవరు వద్దన్నా ఒక్కటైనా పెట్టకపోతే ఇల్లు పీకి పందిరేస్తాడని నా ఆలోచన. మా ఆయన ఫోన్ చేసి "నాయన పోయినాడు" అన్నాడు.

సంచీ అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను. సత్యనారాయణపేటలో మా గేటు దగ్గర దిగితే ఏడుపులకంటే ముందు "తొయ్యండప్పా, ఇంగ రోంత తొయ్యండి" అని కేకలు వినపడ్డాయి. ఆయన్ను తెచ్చి పడుకోబెట్టడానికి వాకిట్లో చోటు కావాలి. ఆ చోటు నిండా ఆయన కారు. బ్యాటరీ చచ్చిపోయి కదలనంటోంది. చుట్టాలంతా కలిసి దాన్ని వీధిలోకి తోశారు. కింద ఎన్నో ఏళ్ల నూనె మరక. గబగబా నీళ్లు కొట్టి పైన జంపఖానా పరిచాం. నూనె ఊరుకుంటుందా? పరామర్శకు వచ్చి కూర్చున్న పెద్దమనుషులు లేచి పోతుంటే తెల్లపంచెల వెనకపక్క నల్లటి మచ్చలు. ఏడుస్తూనే ఉన్నాను, ఒళ్లూ మండుతూనే ఉంది. పోయిన రోజు కూడా నాతో నేల కడిగించాడు ఆ మనిషి.

ఆ కారు గురించి చెప్పకుండా మా మామ గురించి చెప్పలేను. చెప్పాలంటే కోపం వస్తుంది. మీరే సర్దుకోండి.

అది జర్మనీ బండి. గనులు జోరుగా నడిచిన రోజుల్లో బళ్లారిలో లారీలున్నవాళ్లంతా ఇలాంటిదొకటి కొన్నారు. మా మామకు సొంతూరు మోకలో పత్తి, మిరప చేలు, ఇక్కడ ఖనిజం తోలే లారీలు ఉండేవి. గనులు మూతపడ్డాక అందరూ ఆ కార్లు అమ్మేసి చేతులు దులుపుకున్నారు. మా మామ లారీలు అమ్మి కారు ఉంచుకున్నాడు. మూతి మీద మెరిసే గుర్తు ఎవడో పీక్కుపోయాడు. ఏసీ ఒక పక్కే వస్తుంది. వెనక అద్దం దింపితే మళ్లీ ఎక్కదు. నూనె సంగతి అడగనే వద్దు. ఇంజన్ మూత దగ్గర కారేది, అక్కడ గ్యాస్కెట్ మారిస్తే కింద నూనె నిలిచే చాంబరు దగ్గర కారేది, అక్కడ బాగు చేయిస్తే మరోచోట మొదలయ్యేది. మా ఊరి ఎండకు రబ్బరు బతకదు. పైగా ఎర్రదుమ్ము. అది నూనెతో కలిసి ఇంజన్ కిందంతా బెల్లంపాకంలా గట్టిపడేది.

ఆ బండితో నా పరిచయం నా పెళ్లినాడే. మా పుట్టిల్లు గుంతకల్లు. నన్ను అత్తగారింటికి ఆ కారులోనే తీసుకొచ్చారు. హగరి ఏరు దాటకముందే పొగలు కక్కుతూ నిలిచిపోయింది. మా మామ పట్టుపంచె ఎగ్గట్టి, ఎర్రమట్టిలో వెల్లకిలా పడుకొని బండి కిందికి దూరాడు. కాసేపటికి నూనె మొహంతో బయటికొచ్చి, నా ఒళ్లో ఉన్న ఒడిబియ్యం మూటలోంచి పసుపు పొట్లం ఇమ్మన్నాడు. రేడియేటర్లో పసుపు పోస్తే లీకు పూడుకుంటుందని లారీవాళ్ల లెక్క. నాకు తోడు వచ్చిన మా మేనత్త అగ్గిమీద గుగ్గిలమైంది.

"పెండ్లికూతురి పసుపు ఇంజన్లో పోస్తారేమప్పా! యాడన్నా ఉండాదా ఇట్ల?"

"ఇది గూడా మా ఇంటికొచ్చిన కోడలేలేమ్మా. దానికి రోంత, ఈ పాపకు రోంత" అన్నాడు మా మామ, పొట్లం విప్పుతూనే.

బండి కదిలింది. నా పెళ్లిచీర కొంగుకు ఆయన చేతి నూనె అంటింది, ఇప్పటికీ పోలేదు. ఆనాటి నుంచి దాన్ని నేను నా తోడికోడలు అనేదాన్ని. తోడికోడలంటే పొద్దున లేచింది మొదలు పోటీయే కదా. ఇంట్లో పసుపు డబ్బా ఎప్పుడు చూసినా సగమే ఉండేది. ఉతికే సబ్బు మాయమయ్యేది. తడిపిన సబ్బును చాంబరు లీకు మీద రుద్దేవాడు. లారీ డీజిల్ ట్యాంకుకైతే అది ఆగుతుందేమో, ఈ బండిలో ఇంజన్ వేడెక్కగానే సబ్బు కరిగి నురగతో సహా నూనె నా ముగ్గు మీదే పడేది.

ఒక పండగ ముందు మా అమ్మ నాకు పెద్ద స్టీలు హరివాణం, అంచున్న పళ్లెం, తెచ్చిచ్చింది. ఒడియాలు పెట్టుకోవడానికి. తెల్లారి చూస్తే అది కారు కింద ఉంది.

"మామా, అది మా అమ్మ ఇచ్చిందండీ!"

"అందుకే గదమ్మా పెట్టినా. మీ అమ్మ ఇచ్చింది గట్టిగా ఉంటాది. ఇంగ నీ ముగ్గు పాడైపోదు."

చెప్పండి, ఇలాంటి మనిషితో ఎలా వేగాలి? రోజూ పొద్దున కాఫీ తాగి, ఇంజన్లో నూనె కొలిచే పుల్ల లాగి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, మళ్లీ ముంచి, ఎండలో పట్టుకొని చూసేవాడు. కళ్లద్దాలు పెట్టుకోడు. "ఏమ్మా, ఇది యాడిదాకా ఉండాదో సూడు" అని నన్నే పిలిచేవాడు, నేను పొయ్యి మీద పోపు వదిలేసి వచ్చి చూడాలి. తరవాత క్యాన్ తెచ్చి, తగ్గినంత పోసేవాడు. అది కూడా లారీలకు పోసే నూనె. తువ్వాళ్లు ఎన్ని కొన్నా ఇంట్లో తెల్లటిది ఒక్కటి మిగల్లేదు.

నా పోరు పడలేక ఒకసారి మా ఆయన బండిని బెంగళూరులో చూపిద్దామన్నాడు. మామే తోలాడు, నన్నూ రమ్మన్నాడు. అక్కడి మెకానిక్ రేడియేటర్ విప్పి, పచ్చటి ముద్ద ఒకటి వేలితో తీసి చూపించి "ఏన్ సార్ ఇదు, సాంబారా?" అని కన్నడంలో అడిగాడు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. మా మామకు మాత్రం ఏమీ అనిపించలేదు. "అరిశిన అప్పా, అరిశిన. మా లారీలు ఒక్కటి గూడా వద్దనలేదు" అని పసుపు సంగతి చెప్పాడు. ఇంజన్ మొత్తం దింపి సీళ్లన్నీ మార్చాలని ఆ అబ్బాయి చెబితే, "సాకు, సాకు, ఇంగ చాలు. దింపిన ఇంజన్ మళ్లా ముందర మాదిరి కూర్చుంటాదా?" అని బండి తిప్పుకొని వచ్చేశాడు. దారి పొడుగునా నేను సాధించాను. ఇంట్లో మరక, చీరల మీద మరక, వచ్చినవాళ్ల ముందు సిగ్గు, ఎన్నాళ్లీ కారడం అని. అన్నీ విని ఆయన అన్న మాట ఒకటే. "కారుతాండాదంటే లోపల ఉండాదనేమ్మా. ఊరికే ఎందుకు బాధ పడతావు?"

అమ్మకపోవడానికి ఆయనకు ఒక కారణం ఉంది, అది మోకలో అందరికీ తెలుసు. ఆయన చెల్లెలు పెళ్లయి లారీలో, గోనెసంచుల మీద కూర్చొని అత్తగారింటికి పోయిందట. దిగేసరికి తల నిండా ఎర్రదుమ్ము. ఆ ఇంట్లో వాళ్లు నవ్వారట. అది ఆయన మరిచిపోలేదు. కారు కొన్ననాటి నుంచి మోకలో ఏ ఇంటి ఆడపిల్ల అత్తగారింటికి పోవాలన్నా, ఏ కులమైనా, మా కారు వెళ్లాల్సిందే. ఊళ్లో దాన్ని కన్నడంలో దొడ్డగాడి, అంటే పెద్దబండి, అంటారు. ఆయనే తోలేవాడు, మధ్యలో ఆపి పసుపు పోసేవాడు, ఎలాగో చేర్చేవాడు. తరవాత కళ్లు తగ్గాయి. మా ఆయనకు ఆ బండి అంటే భయం. అందుకని నాకు నేర్పాడు.

మోక రోడ్డులో, పత్తి చేల మధ్య నేర్చుకున్నాను. గేరు పడేది కాదు, నాకు తిక్క లేచేది, స్టీరింగును గుద్దేదాన్ని. ఆయన పక్కన కూర్చొని బొరుగులు తింటూ "నోటితో ఎంతన్నా తిట్టమ్మా. చేత్తో తిట్టద్దు" అనేవాడు. ఈ మాట బండి గురించే చెప్పాడో ఏమో గానీ, పిల్లల మీద చెయ్యి లేచినప్పుడల్లా నాకు గుర్తొచ్చి చెయ్యి దిగిపోతుంది. అందుకు ఆయనకు దండం పెట్టుకుంటాను.

మామ ఆస్పత్రిలో చేరేముందు మోకలో మా చేలో పనిచేసే ఆమె వచ్చి కూతురి పెళ్లి అని చెప్పింది. అమ్మాయిని హగరి పక్క పల్లెకు ఇస్తున్నారు. దొడ్డగాడి వస్తుందని మామ మాటిచ్చాడు. ఆస్పత్రి మంచం మీద ముక్కుకు గొట్టం పెట్టుకొని కూడా నన్ను దగ్గరికి పిలిచి ఏం అడిగాడో తెలుసా? "హరివాణంలో ఎంత పడిందిమ్మా?"

"మీరు ముందు లేయండి మామా, దాని సంగతి తరవాత" అని కసిరాను. ఆయన నవ్వి కళ్లు మూసుకున్నాడు. నాతో అదే ఆఖరి మాట.

దినాలకు ఆ పిల్ల తల్లి వచ్చింది. వెళ్లేముందు నన్ను పక్కకు పిలిచింది.

"సావు జరిగిన ఇంటి బండి పెండ్లికి ఎట్లొస్తాదని ఊళ్లో అంటాండారక్కా. నా కూతురు వింటే గదా. అప్ప మాటిచ్చినాడు, దొడ్డగాడి వస్తేనే కదుల్తానని కూసోనుంది. ఏం జేయల్ల?"

"వస్తాది. నేనే తోలుకోనొస్తా" అన్నాను.

అన్న తరవాత గానీ ఆలోచించలేదు. ఆ బండి దారిలో నిలిచిపోతే నిలిచిపోయేది బండి ఒక్కటేనా? సావింటి బండెక్కింది, మొదటి రోజే ఆగిపోయిందని ఆ పిల్లను బతికినన్నాళ్లూ దెప్పుతారు. ఆయన ఇంతమంది ఆడపిల్లలను పంపాడు, ఆఖరి మాట నా చేతుల్లో పోతుంది. మా ఆయన అప్పటికే పాత ఇనుమతనితో మాట్లాడి పెట్టాడు. పెళ్లయ్యాక తీసుకుపొమ్మని చెప్పు, అంతవరకూ ముట్టుకోవద్దన్నాను. ఆయన కొత్త బ్యాటరీ తెచ్చి వేయించి, బండిని మళ్లీ వాకిట్లో పెట్టించి, కింద హరివాణం పెట్టి, తన బాధ్యత తీరిందన్నట్టు వెళ్లిపోయాడు.

పెళ్లి దగ్గర పడింది. ఒక పొద్దున కళ్లాపి చల్లడానికి వెళ్లి కారు కిందికి చూస్తే హరివాణం శుభ్రంగా ఉంది. ఒక్క చుక్క లేదు. మర్నాడూ అంతే. నా కాపురంలో ఎన్నడూ చూడని వింత. ఇన్నాళ్ల పీడ విరగడైందని ఎంత సంతోషమో! వాకిలి నిండా పెద్ద ముగ్గు వేశాను.

"సూస్తివా, కదిలీయకుండా పెడితే సీలు దానంతట అదే పట్టుకోనుండాది" అన్నాడు మా ఆయన.

ఇక ఈ హరివాణంతో బండికి పని లేదు, తోమి లోపల పెట్టుకుందామని తీసుకొని వంటింటిదాకా నడిచాను. గడపలో కాలు ఆగిపోయింది. హరివాణంలో ఎంత పడింది అని ఎవరో అడిగినట్టయింది. ఏమీ పడలేదు మామా. ఎందుకు పడలేదు? ఆయన ఆస్పత్రికి పోయినప్పటి నుంచి ఇంజన్లో నూనె పోసినవాడెవడు?

పరుగెత్తి బానెట్ ఎత్తాను. పుల్ల లాగి కొంగుతో తుడిచి, ముంచి, మళ్లీ లాగాను. మొనకు కూడా అంటలేదు. అలాగే తోలుకొని పోయి ఉంటే హగరి చేరకముందే ఇంజన్ పట్టేసేది, బండి నిండా పెళ్లివాళ్లతో. ఆయన క్యాన్ గోడ దగ్గరే ఉంది. ఆ లారీ నూనే పోశాను, కింద పోసుకున్నాను, ఏడ్చాను, ఆయన్ను నోరారా తిట్టాను. ఇన్నేళ్లు రోజూ పోస్తున్నానని ఒక్కరికైనా అప్పజెప్పాలా వద్దా? పోతే ఎవరు చూసుకుంటారని అనుకున్నాడు? అనుకుంటూ ఉండగానే తెలిసింది. పోపు మాడబెట్టించి మరీ, పొద్దున్నే పుల్ల చూడమని పిలిచింది నన్నే కదా.

పెళ్లినాడు మోకలో ఆ పిల్ల ముందు సీటులో కూర్చుంటానని పట్టుబట్టింది, కూర్చుంది. వాళ్లమ్మ బానెట్‌కు పసుపు కుంకుమ పెట్టింది. కూతురి ఒడిలో ఒడిబియ్యం పోశాక, విడిగా ఇంకో పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది.

"ఇది దేనికి?" అన్నాను.

"ఇది బండికక్కా. దారిలో కావల్నేమో. అప్ప ప్రతి పెండ్లికీ అడుగుతాండె గదా."

ఆ పసుపు అవసరం రాలేదు. దారంతా నోటితో తిడుతూనే తోలాను. ఆ పిల్ల నవ్వుతూనే ఉంది. చీర మీద దుమ్ము పడకుండా అత్తగారింటి గడప ముందు దించాను.

పాత ఇనుమతను మర్నాడు వచ్చాడు. ఇంకో పెళ్లి ఉందని పంపించేశాను. మా ఆయన నా మొహం చూసి, కాఫీ చల్లారిపోతోందన్నాడు. నేను వాకిట్లోనే వంగి కూర్చుని కారు కిందికి చూస్తున్నాను. నేనే మళ్లీ పెట్టిన మా అమ్మ హరివాణం మధ్యలో నల్లగా ఒక చుక్క ఉంది. చూస్తుండగానే దాని పక్కన ఇంకొకటి పడింది.