యుమ్మాకు పట్టిన గొడుగు

ఆగస్టు 9, శనివారం. సాల్జ్‌బర్గ్ ప్రయాణం. హాజరైనవారు: బాబా (మా యజమాని), యుమ్మా (ఆయన తల్లి), చాచా (రాయచోటి నుంచి వచ్చిన వంటమనిషి), నేను. వాతావరణం: తెల్లవారుజాము నుంచీ వాన.

నా డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. ఈ మధ్య కువైత్‌లోని ఫింటాస్‌లో మా ఇంట్లో పాత డైరీలు సర్దుతూ దాన్ని మళ్లీ చదివాను. ముందుగా పథకం వేసుకున్నవాడికి ఏ ఆపదా రాదని ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. పెళ్లయి ఏడాది తిరగకుండానే భార్యను రాజోలులో వదిలి, కువైత్ నగరంలో మిర్కాబ్‌లో లెక్కలు రాసుకుంటున్న మనిషికి ఏదో ఒక నమ్మకం ఉండాలి కదా. ఆమెను కువైత్ తెచ్చుకోవాలంటే వీసా కాగితం మీద బాబా సంతకం కావాలి. బాబా చెడ్డవాడు కాదు. కానీ తల్లి ముఖం ముడుచుకుని ఉన్నంతకాలం ఆయన ఏ కాగితాన్నీ ముట్టుకోడు. ఇది ఆఫీసులో అందరికీ తెలిసిన రివాజు. సెలవు కాగితాలు పెట్టుకునేవాళ్లు ముందు డ్రైవర్ని అడిగేవారు, యుమ్మా పొద్దున ఎలా ఉందని.

బాబా ఏటా ఎండాకాలం కుటుంబాన్ని ఆస్ట్రియాలో ఆల్ప్స్ కొండల్లో జెల్ అనే చిన్న ఊరికి తీసుకెళ్లేవాడు. ఆ ఏడు టికెట్లు, హోటళ్లు, పాస్‌పోర్టులు చూసుకోవడానికి నన్ను వెంట రమ్మన్నాడు. పరాయి చేతి కూడు యుమ్మాకు సయించదు కాబట్టి చాచా ఎలాగూ ఉన్నాడు. బయల్దేరే ముందు బాబా నా భుజం తట్టి, యుమ్మా నవ్వుతూ తిరిగొస్తే నీ భార్య కువైత్‌లో దిగినట్టే అన్నాడు. అక్కడి నుంచి యుమ్మా నవ్వే నా ఉద్యోగమైపోయింది.

ఆవిడ నవ్వలేదు. ఆ ఊళ్లో అద్దంలాంటి సరస్సు, దాని చుట్టూ పచ్చటి కొండలు, కిటికీల నిండా ఎర్రటి పూల కుండీలు. ఎటు చూసినా బంగారంలాంటి ఎండ. తీగల మీద నడిచే పెట్టెలో కూర్చోబెట్టి మంచుకొండ దాకా తీసుకెళ్లాను. పడవెక్కించాను. ఆవిడ ప్రతిసారీ ఆ నీలాకాశాన్ని ఒకసారి చూసి, ఎవరో బాకీ ఎగ్గొట్టినట్టు ముఖం తిప్పుకునేది. కారణాలు డైరీలో వరసగా రాసుకున్నాను: మోకాళ్లు, ఎత్తు గాలి, చాచా వండిన చేప. ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలింది సాల్జ్‌బర్గ్ ఒక్కటే. పాత కోట, నది, గుర్రబ్బళ్లు. ఆ ఊరితో ఆవిణ్ణి నవ్వించలేకపోతే నా పని అయిపోయినట్టే.

తీరా ఆ రోజే వాన. నేను కోనసీమవాణ్ణి. నా దృష్టిలో వాన అంటే జారుడు, జలుబు, వాయిదా పడ్డ పెళ్లి. ప్రయాణం మానేద్దామని బాబాతో చెప్పబోతే, యుమ్మా అప్పటికే వెళ్లి వ్యానులో కూర్చుందన్నాడు. (కుదురుగా కూర్చుందని కూడా అన్నాడు. అది నాకు అర్థం కావలసింది. కాలేదు. కువైత్‌లో వాన పడితే చలికాలంలోనే పడాలి. అప్పటికి నేను చూసింది ఒక్క చలికాలమే, అందులో చినుకు పడలేదు.) బాబా పిల్లలు, వాళ్లమ్మ హోటల్లోనే ఉండిపోయారు. నేను పరుగున వెళ్లి ఆ ఊళ్లో దొరికిన వాటిలోకెల్లా పెద్ద గొడుగు కొన్నాను. దాని కింద ఒక చిన్న కిళ్లీకొట్టు పెట్టుకోవచ్చు.

సాల్జ్‌బర్గ్‌లో నా పథకమంతా మార్చేశాను. ఎక్కడెక్కడ పైకప్పు ఉందో అక్కడికే దారి. కోటలో కత్తులూ కవచాలూ ఉన్న గదులు, అక్కడి నుంచి పాత బొమ్మల గది, అక్కడి నుంచి ఇంకో గది. మధ్యలో నాలుగడుగులు బయట నడవాల్సి వస్తే గొడుగు తెచ్చి ఆవిడ నెత్తిన పట్టేవాణ్ణి. ఆవిడ పక్కకు జరిగితే నేనూ జరిగేవాణ్ణి. చేతికర్రతో గొడుగును ఒకసారి నెట్టింది. అలిసిపోయిందనుకుని ఇంకా దగ్గరగా పట్టాను. రెండోసారి కర్ర నా మోచేతికి తగిలింది. బాబా తల్లి ముఖం చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు. ఆ చూపులో నా వీసా కాగితం మడతపడి సొరుగులోకి వెళ్లిపోవడం నాకు కనిపించింది.

కోట దిగాక టీ దుకాణంలో బాబా చేయి కడుక్కోవడానికి వెళ్లాడు. నేను బల్ల చూసి వెనక్కి తిరిగేసరికి యుమ్మా లేదు. చాచా కూడా లేడు. భాష తెలియని ఊరు, తడిసిన నున్నటి రాతిబాటలు, కర్ర పట్టుకుని నడిచే పెద్దావిడ. బాబా వచ్చి ఖాళీ బల్ల చూశాడు. ఆయనొక సందులోకి, నేనొక సందులోకి పరిగెత్తాం. నల్లటి అబాయా ముసుగులో ఎదురైన ప్రతి ఆవిడ వెంటా పడ్డాను. (ఆ ఊళ్లో ఎండాకాలం గల్ఫ్ కుటుంబాలు చాలానే తిరుగుతుంటాయి. ఒక పెద్దమనిషి నన్ను ఆపి, నీకేం కావాలని గట్టిగానే అడిగాడు.)

చివరికి నది ఒడ్డున దొరికారు. బెంచీ మీద ఒక చివర యుమ్మా, రెండో చివర చాచా, మధ్యలో టీ ఫ్లాస్కు. ఆవిడ ముఖం పైకెత్తి కళ్లు మూసుకుంది. ముడతల మీదుగా నీళ్లు కారుతున్నాయి. నాలుగు రోజులుగా నేను వెతుకుతున్న నవ్వు ఆ ముఖం నిండా ఉంది. చాచాను మింగేసేలా చూశాను.

"ఏం చేయమంటావప్పా, వాన పడతాంటే లోపల కాలు నిలబడలా," అన్నాడు చాచా. "మా రాయచోట్లో మబ్బు పట్టినపుడు ఇంట్లో కూకున్నోణ్ణి పిచ్చోడంటారు."

నేను అలవాటు కొద్దీ గొడుగు విప్పాను. యుమ్మా కళ్లు తెరిచింది.

"మూసెయ్. కూర్చో. ఎండ చూడ్డానికి ఇంతదూరం రావాలా? మా ఇంట్లో ఎండ లేదా?"

కూర్చున్నాను. ఈలోగా బాబా వచ్చి తల్లిని చూసి, కొండంత ఊపిరి వదిలి, తనూ తడుస్తూ నిలబడ్డాడు. మీ ఊళ్లో వాన ఎలా ఉంటుందని యుమ్మా అడిగింది. గండం గడిచిందన్న సంతోషంలో నాకు వచ్చిన కాస్త అరబీనంతా బయటికి తీశాను. శ్రావణంలో రోజుల తరబడి పడుతుందన్నాను. కొబ్బరాకుల చివర్ల నుంచి జారే నీళ్లు, నిండుకాలవ, రాత్రంతా కప్పల పాట, అరుగు మీద కూర్చుని వాన చూసే నా భార్య. (బురద, కారే పెంకులు, పోయిన కరెంటు చెప్పలేదు. వాటికి నా దగ్గర అరబీ లేదు.) ఆవిడ పసిపిల్లలా విన్నది.

"నీ భార్య ఇప్పుడు ఆ వానలోనే ఉందా?"

"అవును యుమ్మా."

ఆవిడ నది మీద పడుతున్న వానను చూసింది.

"మరి ఆ పిల్లను తెచ్చి మా దుమ్ములో ఎందుకు పడేస్తావు?"

వాన ఆ క్షణంలో నాకు మొదటిసారి చల్లగా తగిలింది. తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో తల్లీకొడుకులు గబగబా మాట్లాడుకున్నారు. నాకు అందింది ఒక్క మాటే, 'మిస్కీనా', అంటే పాపం పిచ్చిది అని. చాచా నా చెవి దగ్గరికి వంగాడు.

"బాగా చెప్పినావులే. ఇంటాంటే నాకే, ఎవురూ కువైత్‌కి రాకూడదనిపిచ్చింది."

మర్నాడు పొద్దున బాబా ఫలహారం దగ్గరికి పిలిచాడు. పక్కన యుమ్మా రొట్టె తుంచుకుంటోంది. ఆయన నా కాగితం తీసి, చదవకుండానే సంతకం పెట్టి, నా చేతికివ్వకుండా పట్టుకుని ఒక షరతు చెప్పాడు. ఏటా వానలు పడే రెండు నెలలూ నా భార్యను ఊరికి పంపాలి. టికెట్టు ఆఫీసుది. ఇది యుమ్మా మాట, దీనికి తిరుగులేదు. ఆవిడ తల ఊపి, నా వైపు ఎంతో దయగా చూసింది. నేను హోటల్ ఫోన్ దగ్గరికి పరిగెత్తి రాజోలు కలిపాను. వీసా మాట విని ఆమె ఏడ్చినంత పని చేసింది. షరతు మాట వినగానే ఆమె గొంతు మారింది.

"గోదారి పొంగే రోజుల్లోనా? వీధిలో మోకాటి లోతు నీళ్లున్నప్పుడా? ఏవండీ, ఆ పెద్దావిడకి మన ఊరి గురించి మీరేం చెప్పారండీ?"

లైను సరిగా లేదు, ఏమీ వినపడటం లేదన్నాను. నిజానికి ఆమె ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంటుంటే గాజుల చప్పుడు కూడా వినపడింది. డైరీలో ఉన్న ఆ కుర్రాడు, అంటే అప్పటి నేను, ఫోను పెట్టేయకుండా ఆ గాజుల చప్పుడే వింటూ నిలబడ్డాడు.