ముక్కల మావయ్య ఐదు చీటీలు

మావయ్య చేతులు అప్పటికే గళ్ల కాగితం మీద వంపుగీత గీస్తున్నాయి. ఆయనకున్నది ఒకటే పట్టింపు: ఏ మాటా పూర్తిగా ఒకరికే చెప్పడు. ఇనప్పెట్టెలు చేసే మా షెడ్డుకి తలుపు బందులు కావాలంటే, కొలత మేనల్లుణ్ణయిన నాకు చెప్పి, ఎన్ని కావాలో అత్తయ్యకు చెప్పేవాడు. ఇద్దరం కలిసి వెళితేనే సరుకు. అందుకే ఆయన ముక్కల మావయ్య అయ్యాడు.

"పెళ్లికి ముందు పేరు నాకు చెప్పారు, పని మా అన్నయ్యకి, వయసు మా నాన్నకి. ముగ్గురం ఒకచోట కూర్చుంటేగానీ పెళ్లికొడుకు తయారవలేదు" అనేది అత్తయ్య.

"తయారయ్యాక నచ్చాడుగా" అనేవాడు మావయ్య.

"ఏమో, ఇంకా సగమే తెలిసింది."

ఆ రోజు గీత ఆసుపత్రి పెట్టె కోసం. మత్తెక్కించే నొప్పి మందులు దాచేది. తాళం అంకె పూర్తిగా ఏ ఒక్కరి చేతిలోనూ ఉండకూడదన్నారు ఆసుపత్రివాళ్లు. మావయ్య గీత మీద ఐదు చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క ఎక్కడుందో ఒక్కో చీటీ మీద రాశాడు: డాక్టరమ్మకి, హెడ్ నర్సుకి, స్టోర్ కీపరుకి, నాకు, తనకి. గీసిన కాగితం కాల్చేశాడు.

"వినరా. చుక్కలు కలిపితే గీత కాగితం ఎడమ అంచును ఏ అంకె దగ్గర తాకుతుందో అదే తాళం అంకె. అయితే చుక్కలెన్ని కావాలంటే..."

నేను బందును ఆకురాయితో అరగదీస్తూ "ఊ, ఊ" అన్నాను. మాటలు వినడంకన్నా పని చేయడం గొప్పని నా పొగరు.

నాలుగు రోజులకి జేబు తడిమితే చీటీ లేదు. తలుపుకి రంగు వేశాక చెయ్యి తుడుచుకున్నది దాంతోనే. ఐదూ లేనిదే పెట్టె తెరుచుకోదనుకున్నాను. అంకె మావయ్యకి గుర్తున్నా చెప్పడు. 'నేనే చెప్పేస్తే ఇన్ని చీటీలెందుకు?' అంటాడు. అంత అందమైన తలుపుకి ఇక నా చేత్తోనే డ్రిల్లు పెట్టాలి.

"చీటీ భద్రమేనా?" అన్నాడు మావయ్య.

"బంగారంలా ఉంది." ఆ మాట అన్నాక రెండు రోజులు ఆయన ముఖం చూడలేకపోయాను.

అప్పగింత రోజు డాక్టరమ్మ, నర్సు, స్టోర్ కీపరు చీటీలు తీశారు. నేను ఖాళీ జేబు తిరగేసి చూపించాను.

"నాది పోయిందమ్మా. ఉందని మావయ్యకి అబద్ధం చెప్పాను."

మావయ్య తలెత్తలేదు. "నిన్నెవరడిగార్రా? మూడు చాలు. రెండు చుక్కల మీదుగా ఇలాంటి వంపులు ఎన్నయినా పోతాయి. మూడింటి మీదుగా ఒక్కటే పోతుంది." లెక్క వేసి గీశాడు. అంచున నాలుగు వందల పదిహేడు. నర్సు అంకెలు తిప్పింది. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది.

"మూడు చాలితే ఐదెందుకు చేశారు?" అన్నాడు స్టోర్ కీపరు.

"తలుపు ఇంత నిక్కచ్చిగా నిలబెట్టేవాడు మా దగ్గరొకడున్నాడు. కాగితం వాడి చేతిలో నిలవదు. వాడికోసం ఒకటి ఎక్కువేశా."

"మరి ఇంకోటి?"

"నాదీ పోయింది" అన్నాడు మావయ్య, తల గోక్కుంటూ.

అందరూ నవ్వారు. సిగ్గుపడటానికి తోడు దొరికేసరికి నా తల కొంచెం పైకి లేచింది.

అప్పగింత కాగితం మీద సంతకం చేసి మావయ్య కళ్లజోడూ దాని డబ్బా నా చేతికిచ్చాడు. లోపల పెడదామని డబ్బా తెరిచాను. అడుగున ఆయన చీటీ, నాలుగు మడతలతో, మరక లేకుండా.

"ఏంట్రా చూస్తున్నావ్?"

"ఏం లేదు మావయ్యా." ఈ అబద్ధానికి మాత్రం సిగ్గనిపించలేదు. మూత మూశాను.

మావయ్య అప్పగింత కాగితాన్ని మధ్యకు చించాడు. పై సగం ఆయన, కింది సగం నేను, స్టోర్ కీపరు చేతిలో పెట్టాం.