జొన్నబెండు మీద తేనెటీగ

మిత్రులారా, ఈ సంతోషం ఎవరికి చెప్పుకోవాలో తెలియక మీకు రాస్తున్నాను! మియాపూర్‌లో మా అమ్మాయి ఫ్లాట్ బాల్కనీకి తేనెటీగలు మళ్లీ వచ్చాయి!

పోయిన నెల కింది అంతస్తులో ఉన్న తేనెపట్టుకు మందు కొట్టించారు. అప్పటినుంచి తేనెటీగల రొద పోయి, పగలంతా నాకు ఫ్యాను చప్పుడే తోడు. మొన్న ఎక్కడినుంచో ఒక తేనెటీగ దాహంతో వచ్చి, మా బకెట్‌లో పడి చచ్చిపోయింది. దాన్ని చూడగానే మా అమ్మ గుర్తొచ్చింది.

చిన్నప్పుడు జొన్నబెండ్లతో, అదే జొన్న దంట్ల లోపలి తేలికైన బెండుతో, బండ్లు చేసుకునేవాళ్లం, గుర్తుందా? నా బండి చక్రాలు అమ్మ పీకేసి, పెరట్లో తేనెటీగలకు పెట్టిన నీళ్ల మూకుడులో వేసేది. నేను ఏడిస్తే, "అవి కూసోని తాగొద్దారా? నీకింకోటి జేసిస్తలే" అనేది.

ఇక్కడ జొన్నబెండు ఎక్కడ దొరుకుతుంది? ఫ్రిజ్‌లోని ఐస్‌క్రీములు తిని, ఆ పుల్లలను పళ్లెం నీళ్లలో వేసి, రోజూ కాపు కాశాను. ఈ రోజు వచ్చి వాలాయి!

అంతలో అమ్మాయి ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. "బాపూ, ఒక్కనివే ఏం జేస్తున్నవ్?"

"ఒక్కన్నెందుకుంట బిడ్డా? చుట్టాలొచ్చిన్రు. జర మెల్లగ మాట్లాడు, నీళ్లు తాగుతున్నరు."