అన్నను రమ్మన్న నస్తాస్యా

నస్తాస్యా ఈవన్ మొట్టమొదట సాధించింది, మంచు సముద్రం ఒడ్డున మా ఊరి రేడియోలో వాతావరణ వార్తను మా యూపిక్ భాషలో చదివించడం. అందుకు రెండు చలికాలాలు పోట్లాడింది. "ఇంగ్లీషు అందరికీ వచ్చు గదా" అన్న కమిటీ పెద్దలను, "మంచు మీద ఉన్న ముసలాళ్లకు మీరెళ్లి చెప్పొస్తారా?" అని అడిగి నోరు మూయించింది. ఆ తరవాత రేడియో స్టేషను పెత్తనం ఆమెకే అప్పగించారు. రెండో జనరేటరు తెప్పించింది ఆమే. వరదలో ఊళ్లు మునిగితే కంటిమీద కునుకు లేకుండా పడవలకు దారి చెప్పిందీ ఆమే. సాయంత్రాల కబుర్ల గంట ఆమె పెట్టిందే. "పేతురూ, మనవరాలు పుట్టింది", "పడవ పంపండి, చేప ఎండింది" – ఫోను అందని వేట గుడారాలకు ఇలాంటి కబుర్లు జేబురేడియోలోనే చేరతాయి.

అంతటి మనిషికి ఈ మార్చిలో మైకు ముందు నోరు పెగల్లేదు.

ఆమె అన్న వసీలీ మరో ఇద్దరితో సీలు అనే సముద్ర జంతువు వేటకని సముద్రం మీది మంచు అంచుదాకా వెళ్లాడు. గాలి రేపు తిరుగుతుందని పొద్దుటి వార్తలో ఉంటే అదే చదివింది. మధ్యాహ్నం తల్లి ఓల్గా, ఏనాడూ స్టేషను గడప తొక్కనిది, రొప్పుతూ వచ్చింది.

"గాలి ఇప్పుడే తిరిగిందే! తూర్పున ఒడ్డు మీంచి సముద్రంలోకి కొడుతోంది. మంచు తెగి కొట్టుకుపోతుంది. మంచు గుట్టల చాటున వాడికి తెలీదు."

నస్తాస్యా మైకు వైపు తిరిగింది. అయినా మాలో చెల్లెలు అన్నకు పని పురమాయించదు. అందులోనూ వేటలో ఉన్న పెద్దవాణ్ణి తీరమంతా వింటుండగా వెనక్కి రమ్మంటే, నీకు మంచు సంగతి తెలియదని మొహాన కొట్టినట్టే. అందుకని మర్యాదగా చదివింది: "తూర్పుగాలి మొదలైంది. వేటలో ఉన్నవారు గమనించగలరు."

"గమనించగలరట! సీలు వెంట పడ్డాక వాడు పిడుగు పడినా గమనించడు. పేరు పెట్టి పిలువు!"

"అన్న మళ్లీ నా మొహం చూడడమ్మా."

"చూడకపోతే పోనీ. వాడి మొహం నువ్వు చూడాలా వద్దా?"

నస్తాస్యా మైకు దగ్గరకు లాక్కుంది. "వసీలన్నయ్యా, వెనక్కి రా. ఇప్పుడే రా. సీలు దొరికినా వదిలేసి రా."

రేడియోలో జవాబెలా వస్తుంది? నూతిలో రాయి వేసి చప్పుడు కోసం చెవి పెట్టినట్టు కూచుంది.

మోగింది ఫోను. పక్క ఊరి నుంచి మేనకోడలు. "అత్తా, నీ గొంతు నూనెలో చేప వేగినట్టుంది. పెదనాన్న పేరు తప్ప ఒక్క ముక్క అర్థం కాలా!"

టవరు తీగలకు మంచు పట్టింది. నస్తాస్యా, మెకానిక్ నికఫోర్ చెక్క సుత్తులతో బయటికి ఉరికారు. మంచు రాలగొట్టాక చూస్తే ఒక తీగ బిగింపు వదిలింది. ఆమె చేతి తొడుగులు లాగేసింది.

"అక్కా, వేళ్లు పోతాయి!"

"తొడుక్కుంటే బిగింపు ఎట్లా తెలుస్తుందయ్యా?"

లోపలికి వచ్చేసరికి వేళ్లు కొవ్వొత్తుల్లా తెల్లబడ్డాయి. నొప్పి లేదు. నొప్పి లేదంటే చలికి చచ్చుబడ్డాయని ఆమెకు మరీ భయం వేసింది. ఆ చేతులతోనే మైకు పట్టుకుని అవే మాటలు మళ్లీ మళ్లీ చెప్పింది. గొంతు బొంగురుపోయింది.

మసక పడుతుండగా కిటికీ దగ్గర ఓల్గా మంచు మీద కదిలి వస్తున్న దీపాలు లెక్కపెట్టింది. "ఒక దీపం... రెండు..." కిటికీ అద్దాన్ని అరచేత్తో తుడిచి మళ్లీ చూసింది. "మూడు!"

వసీలీ గడ్డానికి మంచు వేలాడుతుండగా లోపలికి వచ్చాడు. "తీరమంతా వింటుండగా నన్ను పాలు తాగే పిల్లాణ్ణి చేశావు గదే! ముందు నా పేరొక్కటే వినబడి, ఎవరికి కొడుకు పుట్టాడో అనుకున్నా." అంతలో చెల్లెలి చేతులు చూశాడు. వాటిని తన చొక్కా కింద పొట్టకు అదుముకున్నాడు. "మేం దాటొచ్చిన చోట ఇప్పుడు నీళ్లే" అన్నాడు మెల్లగా.

మర్నాడు ఆమెను విమానంలో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు. రెండు వేళ్లు నిలుస్తాయో లేదో డాక్టర్లు ఇంకా తేల్చలేదు; తేలడానికి నెలలు పట్టొచ్చు, అందాకా ఇంట్లోనే ఉండమన్నారు. ఓల్గా ఇంట్లో రేడియో ఆపడం లేదు.

ఇప్పుడు కబుర్ల గంట చదువుతున్నది వసీలీ. మంచుకు బెదరనివాడు మైకు ముందు ఒకే కబురు రెండుసార్లు చదివేశాడు. నిన్న చివరి కబురు తన సొంతది: "నస్తాస్యా, నువ్వు రమ్మంటే నేనొచ్చాను. ఇప్పుడు నేను రమ్మంటున్నాను. అందరూ వినండి. గాలి ఒప్పుకుంటే మా చెల్లెలు మధ్యాహ్నం విమానానికి దిగుతుంది, శనివారం, ఏప్రిల్ పదకొండున."