బావ చామంతుల చీకటి

మా బావ కొండమీద పూలతోటలో ఇరవై ఏళ్లు పనిచేశాడు. ఒంట్లో బాగాలేక కొండ కింద ఇపో పట్నంలోని ఇంటికి దిగివచ్చినప్పుడు పింఛను తేలేదు, పతకం తేలేదు. తడి న్యూస్‌పేపర్లో చుట్టి గుప్పెడు చామంతి కొమ్మలు తెచ్చాడు. అవి ముందు గదిలో పద్దెనిమిది కుండీలయ్యాయి. కుండీల పక్కన బావ మంచం, పైన ఏసీ.

ఆ ఏసీ బిగించింది నేనే. ఫారం టూలో, అంటే ఎనిమిదో తరగతిలో, నేనూ బడీ పరస్పర అంగీకారంతో విడిపోయాం. అప్పటినుంచి ఏసీలు కడిగి బతుకుతున్నాను.

"ఇది నా కోసం కాదురా బామ్మర్దీ, మొక్కల కోసం," అనేవాడు బావ. "ఇపో ఎండకి నేను బతికేస్తాను. ఇవి బతకవు."

అందులో ఒక్క ముక్కా నిజం కాలేదు. అవి బతికాయి.

చామంతి సంగతి నాకు నేర్పింది ఆయనే. రాత్రి పొట్టిగా ఉంటే అది ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది. రాత్రి పొడుగైతేనే పువ్వు సంగతి గుర్తొస్తుంది. అందుకే కొండమీద మొక్క ఎదగాలంటే రాత్రిళ్లు బల్బులు వేస్తారు, పూయాలంటే ఆపేస్తారు. మా గదిలోనూ అంతే. బావ బతికున్నంతకాలం రాత్రి పొద్దుపోయేదాకా లైట్లు వేసి వాటిని పచ్చగానే ఉంచాడు.

"పూయించాలంటే పద్నాలుగు గంటలు కటిక సీకటి ఉండాల," అన్నాడు ఒకరోజు. "మద్దిలో ఎవుడైనా లైటేసినాడంటే ఆ రాత్రి లెక్కలోకి రాదు. నీలాగ పన్లో కునుకు తీసి లేచిపోయే రకం కాదురా అది."

"కునుకు గురించి నువ్వా సెప్తావు? తోటలో నీ మీద గడ్డి మొలిచిందంట కదా," అన్నాను.

బావా బామ్మర్దుల మధ్య ఇది రోజూ ఉండే భోజనం. అక్క మాకిద్దరికీ టీ పెట్టి, ఎవరు గెలిచారో చెప్పకుండా వెళ్లిపోయేది.

ఆ సాయంత్రం మాత్రం బావ ఆమెను ఆపాడు. "ఇదిగో, నా సంవత్సరీకానికి కొన్న పూలు ఏసినారంటే పటంలోంచి దిగొచ్చేస్తాను. నా పూలే ఎయ్యాల." నేను నవ్వాను. అక్క నవ్వలేదు. ఆ మాటను ఆమె దాచుకుంది.

బావ ఆ మంచం మీదే పోయాడు. సంవత్సరీకం ఇంకా పది వారాలుందనగా అక్క నన్ను పిలిచింది. "పూయించరా, ఆయన అడిగినాడు కదా," అంది. ఆ ఏడాదంతా ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

కిటికీకి నల్ల ప్లాస్టిక్ కట్టాను. పొద్దున్న ఏడింటికి లైట్లు వెలిగి సాయంత్రం ఐదింటికి ఆరిపోయేలా టైమర్ పెట్టాను. తలుపు కింద సందులో బావ కట్టుకునే పాత సారంగ్ లుంగీ దోపాను. ఇదంతా ఎందుకో అక్కకు కూర్చోబెట్టి చెప్పాల్సింది. నేనేం చెప్పానంటే, "ఐదు దాటితే తలుపు తియ్యకప్పా. లోపల మొక్కలు బట్టలు మార్చుకుంటాయి." మా ఇంట్లో అక్కను అప్పా అనే పిలుస్తాం.

అక్క పకపకా నవ్వింది. బావ పోయాక అదే మొదటి నవ్వు. దాన్ని చూసి నేనెంత మురిసిపోయానంటే, మిగతా సగం చెప్పడం మర్చిపోయాను.

రోజూ పొద్దున్నే వెళ్లి చూసి, అటునుంచి పనికి పోయేవాణ్ని. నాలుగు వారాలైనా ఒక్క మొగ్గ లేదు. ఆకులు మాత్రం పెళ్లికి వచ్చిన చుట్టాల్లా పెరుగుతూనే ఉన్నాయి. ముందు టైమర్‌ను అనుమానించాను. కరెంటు పోతే దాని చక్రం ఆగిపోతుంది. రెండు గంటలు కరెంటు పోతే ఐదింటికి ఆరాల్సిన లైటు ఏడింటికి ఆరుతుంది. బ్యాటరీ ఉన్న టైమర్ కొన్నాను. తర్వాత ఏసీ మీద మిణుకుమనే పచ్చ చుక్కను అనుమానించి దానికి టేపు అతికించాను. ఒక సెలవునాటి మధ్యాహ్నం లైట్లు ఆపి, తలుపు మూసుకుని, గది మధ్యలో నిలబడి ప్లాస్టిక్‌లో సూది బెజ్జాలు వెతికాను. మూడు దొరికాయి. మూసేశాను. కరెంటు వాళ్లను తిట్టాను, సందులోని వీధి దీపాన్ని తిట్టాను, చామంతులను పేరుపేరునా తిట్టాను. అక్క గుమ్మంలో నిలబడి నవ్వుతూ వినేది.

ఏడో వారంలో ఒక సాయంత్రం పెద్ద వాన కురిసి కరెంటు పోయి వచ్చింది. కొత్త టైమర్ ఎలా ఉందో చూద్దామని, ఎన్నడూ లేనిది, ఎనిమిదిన్నరకు మోటార్‌సైకిల్ వేసుకుని వెళ్లాను. సారంగ్ తలుపు పక్కన శుభ్రంగా మడతపెట్టి ఉంది. తలుపు కింద తెల్లటి వెలుగు. లోపల అక్క గొంతు.

"నీ బామ్మర్ది ఇయ్యాల వీధి దీపాన్ని కూడా తిట్టినాడు. నవ్వలేక సచ్చినాను. నువ్వుంటే తిరిగి తిట్టేవోడివి. ఇప్పుడు ఆడికి ఎవులున్నారు?"

తలుపు తోశాను. బావ మంచం దగ్గర దీపం, నెత్తిమీద ట్యూబ్‌లైటు, ప్లాస్టిక్ కుర్చీలో అక్క, చుట్టూ పద్దెనిమిది కుండీలు పట్టపగల్లా మెరుస్తూ.

మనిషి పోయిన గదిని ఏడాది తిరిగేదాకా చీకట్లో వదలకూడదు, పొద్దుగూకాక దీపం పెట్టి కాసేపు మనిషి కూర్చోవాలి. ఈ ఆచారాన్ని బాగన్ దాతుక్ అనే ఊరి కొబ్బరి తోటల్లో మా అమ్మమ్మ పాటించింది, మా అమ్మ పాటించింది. నాకు తెలియంది కాదు. అక్క రోజూ గుడినుంచి వచ్చి గంటా గంటన్నర కూర్చుంటోంది. దీపం ఒక్కటే అయితే చామంతులు చూసీచూడనట్టు ఊరుకునేవేమో. ట్యూబ్‌లైటును ఎలా ఊరుకుంటాయి?

చెప్పాను. ఈసారి మొత్తం చెప్పాను.

"మరి ముందే సెప్పలేదేటి?"

"తలుపు తియ్యొద్దన్నాను కదప్పా."

"బట్టలు మార్చుకుంటాయన్నావు."

అక్క కుండీల వైపు తిరిగింది.

"అయితే నేనే పూయనివ్వలేదన్నమాట," అంది.

"తప్పు నాది," అన్నాను. ఆమె వినలేదు. వత్తిని నూనెలోకి లాగి దీపం కొండెక్కించింది. లేచి లైటు ఆర్పింది. మళ్లీ కుర్చీలో కూర్చున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"తలుపు ముయ్యి," అంది చీకట్లోంచి.

మర్నాటి నుంచి దీపం వసారాలోకి మారింది. అక్క మాత్రం గదిలోనే, చీకట్లోనే, అదే వేళకు కూర్చునేది.

సంవత్సరీకం నాటికి కొమ్మల చివర ఆవగింజలంత మొగ్గలు వచ్చాయి. మార్కెట్లో పసుపు చామంతులు కొన్నాను. అవీ ఆ కొండనుంచి దిగినవే. అక్క దండను పటానికి వేసింది. బావ పటంలోంచి దిగిరాలేదు. ఆయన మాట తప్పడం నేను చూడటం అదే మొదటిసారి.

మరో ఆరు వారాలకు, చుట్టాలెవరూ లేని ఒక మంగళవారం, పద్దెనిమిది కుండీలూ పూశాయి. లోపల పసుపు, అంచు తెలుపు. అక్క ఒక్కొక్కటీ కోసి దండ కట్టి పటానికి వేసింది.

ఆ సాయంత్రం పని ముగించుకుని మళ్లీ వెళ్లాను. గదిలో చీకటి, కుర్చీలో అక్క. స్విచ్ మీద చెయ్యి వేశాను.

"లైటెయ్యకు."

"పూసేసినాయి కదప్పా. ఇంక లైటేసినా వాటికేటీ అవదు."

"తెల్సు," అంది.

ఏదో ఒకటి అని నవ్వించాలని నోరు తెరిచి, మూసుకున్నాను. బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, సారంగ్ మడత విప్పి సందులో దోపాను.