ఆవలింత కూడా రాలేదు

నొప్పి బిళ్ళలు ఒక్క పూటలో మానేసిన మొనగాణ్ణి నేను. సీసా తీసుకెళ్ళి బందరు కాలవలో విసిరేసి, ఇంటికొచ్చి ఆవకాయన్నం తిని హాయిగా పడుకున్నాను. మా బట్టల కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఈ కథ చెప్పాను.

అబద్ధం. ఏళ్ళ తరబడి గుండెల మీద బండలా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

స్కూటరు మీంచి పడ్డాక నడుంనొప్పికి రాసిచ్చిన బిళ్ళలవి. నొప్పి పోయింది, బిళ్ళలు పోలేదు. ఓ పూట ఆలస్యమైతే ముక్కు కారేది, ఆవలింతలు ఆగేవి కావు, రోమాలు నిక్కబొడుచుకునేవి. విజయవాడలో ఓ డాక్టరు నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించి మాన్పించాడు. ఊళ్ళో తెలిస్తే పరువు పోతుందని, కొండపల్లి వెళ్తున్నానని చెప్పి, వచ్చేటప్పుడు సాక్ష్యానికి ఓ బొమ్మ కొనుక్కొచ్చేవాణ్ణి. మా అద్దాల బీరువా నిండా ఏనుగు అంబారీలే.

మా బావమరిది నాగేశు నేతగాడు. గుంటమగ్గంలో కూర్చుని, కాళ్ళతో తొక్కి తొక్కి వాడికీ నడుం పోయింది. వాడూ ఆ బిళ్ళలకే అలవాటుపడ్డాడు. మానాలనుకుని నా దగ్గరికే వచ్చాడు. ఎందుకు రాడు? మొనగాణ్ణి కదా. డాక్టరు సంగతి చెప్పాల్సింది. చెబితే నా కథేం కావాలి? మగ్గం గదిలో పెట్టి బయట గొళ్ళెం వేశాను.

వాంతులు, విరేచనాలు, చెమటలు. పడుకుంటే కాళ్ళు ఊరుకోవు, వాటంతటవే తన్నుకుంటాయి. ఇరుగుపొరుగును కిటికీ దగ్గరికి పిలిచి, "చూడండి, మగ్గం లేకుండానే నేసేస్తున్నాడు" అన్నాను. అందరూ నవ్వారు. వాడు తల తిప్పి నన్ను చూశాడు.

"బావా, నీకూ ఇలాగే అయ్యిందా? ఇది తగ్గుద్దా?"

"నాకా? ఆవలింత కూడా రాలేదురా. నువ్వే మరీ సుకుమారం."

నమ్మాడు. లోపం తన ఒంట్లోనే ఉందనుకున్నాడు. అయ్యిందిరా, తగ్గుద్దిరా అనడానికి నాకు నోరెందుకు రాలేదు? భయమా? లేక వాడలా తన్నుకుంటుంటే సరదాగా ఉందా? సరదాగానే ఉంది.

మా ఆవిడ గొళ్ళెం తీసింది. కొన్నాళ్ళు బాగానే ఉన్నాడు. తర్వాత నడుంనొప్పికి ఆగలేక, మునుపు వేసుకున్నన్ని బిళ్ళలూ ఒకేసారి మింగాడు. మానిన ఒళ్ళు పాత మోతాదును తట్టుకోదని, ఊపిరే ఆగిపోవచ్చని డాక్టరు నాకు చెప్పాడు. ఆ మాటా వాడికి చెప్పలేదు. మగ్గం మీదే ఒరిగిపోయి కనిపించాడు. ఊరు గుండెపోటనుకుంది. నేనూ అదే అన్నాను.

ఇది రాశాక నాకు కాస్త ఊపిరాడుతోంది. వాడికి ఆడలేదు.

ఒక్కటి మాత్రం నా తరఫున రాసుకోవాలి. ఆ రోజు కిటికీ దగ్గర నవ్విన నేనే, వంటింట్లోకెళ్ళి కుమిలికుమిలి ఏడ్చాను.

ఇక్కడిదాకా మా ఆవిడకు చదివి వినిపించాను. వాడి సొంత అక్క. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది. డాక్టరు మాట వచ్చినచోట చేతులు ఆగాయి. చివరిదాకా మళ్ళీ కదల్లేదు.

"వంటింట్లో ఏడ్చింది నేనండీ," అంది. "మీరు పులిహోర రెండోసారి పెట్టించుకున్నారు."