అత్తయ్య స్టిక్కుకు జ్వరం

బర్మాలో, యాంగోన్ నగరపు పజుండౌంగ్ పేటలో మా ఇంటి కింది గదిలో నాదొక చిన్న దుకాణం. పెళ్ళికార్డులు, ఫోటోలు, జిరాక్సులు. పైన మేం, మాతోపాటు మా ఆవిడ తల్లి, మా అత్తయ్య. ఆవిడకు కంప్యూటర్ వాడటం రాదు గానీ, యాంగోన్‌లో ఆవిడంత డేటా మోసిన మనిషిని నేను చూడలేదు. ఇక్కడ కరెంటున్నప్పుడు ఇంటర్నెట్ ఉండదు, ఇంటర్నెట్ ఉన్నప్పుడు కరెంటుండదు. అందుకని తెలుగు సీరియళ్ళూ సినిమాలూ ఇక్కడి మా తెలుగువాళ్ళ ఇళ్ళకు మెమొరీ స్టిక్కులో వెళతాయి. దాన్ని లోకం పెన్ డ్రైవ్ అంటుంది. అందులో పెన్ను లేదు, డ్రైవ్ చేసేది మా అత్తయ్య. కొంగున ముడేసుకుని బస్సెక్కి, లమ్మడా పేటలో ఒకరికిచ్చి, చిమిండైంగ్‌లో ఇంకొకరి దగ్గర కొత్తవి ఎక్కించుకుని వచ్చేది.

ఒక ఉదయం కంప్యూటర్ తెరిస్తే నా ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లై కూర్చున్నాయి. జీవితంలో ఒక్క షార్ట్‌కట్టూ దొరకని నాకు అన్నీ ఒకేసారి దొరికాయి! అసలు ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు. వైరస్ వాటిని దాచేసి, వాటి పేర్లతో తన తలుపులు పెట్టింది. తెలియక నొక్కితే అదే లోపలికొస్తుంది. దాచినవాటిని బయటికి లాగి, అంతా శుభ్రం చేశాను. అత్తయ్య ఊరు తిరిగొచ్చి స్టిక్కు పెట్టగానే మళ్ళీ మొదలు.

"మీ స్టిక్కులో వైరస్ ఉందత్తయ్యా. ఎవరింట్లోనో అంటుకుంది."

"మనోల్లిల్లల్లో జబ్బేటి బాబూ? అందరూ పొద్దున్నే తానాలు సేసినోల్లే."

"కంప్యూటర్లు చెయ్యవు కదండీ. కొన్నాళ్ళు దాన్ని బయటికి తీసుకెళ్ళకండి."

ఆవిడ కొంగు ముడి విప్పి స్టిక్కు నా చేతిలో పెట్టింది. నా కంప్యూటర్ కోలుకుంది. అత్తయ్య నీరసించింది. ఎక్కడికీ వెళ్ళదు, కిటికీ దగ్గర కూర్చుని కింద పోయే బస్సుల్ని చూస్తుంది. మోకాళ్ళ నొప్పులనుకుని నూనె తెచ్చాను. మా ఆవిడ ఆ సీసా వంకా నా వంకా చూసింది.

"అమ్మ కాలీ సేతుల్తో ఎవులింటికైనా ఎల్లడం సూసేరేటి? పల్లట్టుకెల్తే ఆల్లు మల్లీ ఏదో పెట్టాల. స్టిక్కయితే ఎవులికీ బరువు నేదు."

అప్పటికి గాని నాకు వెలగలేదు. మా పిల్లలు ఆవిడకు బర్మీస్‌లోనే జవాబిస్తారు. ఆవిడ మాటకు అదే యాసలో మాట కలిపే ముసలివాళ్ళు, ఆవిడ స్టిక్కు మోసే ఆ నాలుగిళ్ళలోనే మిగిలారు. నేను వైరస్‌కు వేసిన గడియ ఆవిడకు పడింది.

స్టిక్కొకటే శుభ్రం చేస్తే లాభం లేదు. జబ్బున్న కంప్యూటర్‌కు తగిలిస్తే మళ్ళీ అంటుకుంటుంది. ఇళ్ళన్నీ బాగుచెయ్యాలి. ఆదివారం యాంటీవైరస్ ఉన్న లాప్‌టాప్ సంచిలో వేసుకుని ఆవిడతో బస్సెక్కాను. ఆంటీల ఇళ్ళకు యాంటీవైరస్ మోయడం నా నుదుట రాసినట్టుంది.

లమ్మడాలో మెట్లన్నీ ఎక్కేసరికి అత్తయ్య స్నేహితురాలు గుమ్మంలోనే అందుకుంది.

"ఏటే, ఇన్నాల్లూ కనబడనేదు? మామీద కోపమేటి?"

"నా స్టిక్కుకి జొరవంట! మా అల్లుడు నన్నింట్లో కూకోబెట్టీసినాడు."

"జొరం దానికైతే పత్యం నీకేటి?" అని ఆవిడ నవ్వి నావైపు తిరిగింది. "మా కంపూటర్‌కి ఏ రోగం నేదు బాబూ. రోజూ తడిగుడ్డెట్టి తుడుస్తన్నాను."

తడిగుడ్డ వద్దని ముందు దండం పెట్టాను. తరవాత కంప్యూటర్ మీద కప్పిన అల్లిక గుడ్డ ముసుగు తీసి చూస్తే, లోపల మా వైరస్సే. స్టిక్కు పెట్టగానే ఏదీ దానంతటదే తెరుచుకోకుండా కట్టడి చేసి, స్కాన్ మొదలెట్టాను. పక్కన టీ వచ్చింది, నంజుకోవడానికి ఊరబెట్టిన తేయాకు, లఫెత్ వచ్చింది, ఆ వెనక కబుర్లొచ్చాయి. ఎవరి కోడలు ఎవరితో అలిగిందో, ఏ సీరియల్లో ఏ అత్త చచ్చి బతికిందో. అత్తయ్య గొంతు అంత పెద్దదని ఇన్నేళ్ళలో నాకు తెలియదు.

"అయిపోయిందండీ, ఇక ఏమీ లేదు," అన్నాను.

అత్తయ్య మాట మధ్యలో ఆపి నావైపు చూసింది. చేతిలో టీ ఇంకా సగముంది.

"అప్పుడేనా? సరిగ్గా సూడు బాబూ. ఎక్కడో మూల దాక్కుంటాది."

గంటలు పట్టే పూర్తి స్కాన్ మీద నొక్కి, నేనూ లఫెత్ గిన్నె దగ్గరికి జరిగాను.